ఆ తప్పు నాదేనని చెప్పే సూపర్‌హీరో

2004లో వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్ 2’ చిత్రాన్ని ఎన్నిసార్లు చూశానో చెప్పలేను గానీ, చూసిన ప్రతిసారీ ఒకే చోట ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. భర్త బెన్ సమాధిని చూసి వచ్చిన ఆంట్ మే బల్ల దగ్గర కూర్చుని తనను తాను నిందించుకుంటూ ఉంటుంది. పీటర్‌ను కారులో దింపుతానన్న బెన్‌ను ఆ రోజు తాను ఆపి ఉంటే, ఈపాటికి ముగ్గురూ కలిసి టీ తాగుతూ ఉండేవాళ్ళని ఆమె బాధ. ఎదురుగా కూర్చున్న పీటర్ పార్కర్‌కు అసలు సంగతి తెలుసు. ఇక ఉండబట్టలేక, ఆ చావుకు కారణం తానేనని చెబుతాడు. తనకు ఇవ్వవలసిన డబ్బు ఎగ్గొట్టిన మనిషిని దోచుకుని పారిపోతున్న దొంగను ఆపగలిగి ఉండి కూడా కసికొద్దీ దారి వదిలానని, ఆ దొంగే కారు కోసం బెన్‌ను కాల్చాడని, ఒక్కొక్క మాటా కూడదీసుకుని చెబుతాడు. అంతవరకూ అతని చేతిలో ఉన్న ఆమె చెయ్యి వెనక్కి వెళ్తుంది. ఆమె ఒక్క మాట కూడా అనదు. లేచి వెళ్ళిపోతుంది.

ఈ సన్నివేశంలో పీటర్ తాను స్పైడర్‌మ్యాన్‌నని చెప్పడన్న విషయం నాకు చాలా ఆలస్యంగా తట్టింది. సూపర్‌హీరో కథల్లో రహస్యం బయటపెట్టడమంటే సాధారణంగా ముసుగు తీయడమే. ముసుగు తీసినవాడి పట్ల ఎదుటివారికి ఆశ్చర్యమూ గౌరవమూ కలుగుతాయి. ఇక్కడ పీటర్ తన గొప్పతనాన్ని దాచుకుని తన తప్పును మాత్రమే బయటపెట్టాడు. దానివల్ల అతనికి కలిగే లాభమేమీ లేదు, ఆమె ప్రేమ పోయే ప్రమాదం మాత్రం ఉంది. తప్పు చేసిన సూపర్‌హీరో తిరిగి మంచివాడు కాగలడా అని ఎవరైనా అడిగితే, ఇరవై ఏళ్ళుగా నేను ఆ బల్ల దగ్గరకే వెళ్ళి జవాబు వెతుక్కుంటున్నాను.

ఈ విషయం గురించి తెలుగులో రాసేటప్పుడు మొదట మాట దగ్గరే ఆగవలసి వస్తుంది. ఇంగ్లీషువారు రిడెంప్షన్ అనే ఒకే మాటతో చెప్పే సంగతికి మనకు రెండు మూడు మాటలున్నాయి. చేసినదానికి తరువాత లోలోపల కాలిపోవడం పశ్చాత్తాపం. ఆ తప్పుకు బదులుగా చేయవలసిన పని ప్రాయశ్చిత్తం. ఆపైన వచ్చేది, వస్తే గిస్తే, విముక్తి. మొదటిది మనసులో జరుగుతుంది, రెండవది లోకంలో జరుగుతుంది, మూడవది సాధారణంగా మరొకరి చేతిలో ఉంటుంది. సూపర్‌హీరో కథలు ఈ మూడింటినీ కలిపి ఒకే పేజీలో ముగించాలని చూసినప్పుడల్లా దెబ్బ తింటున్నాయని, విడదీసి చూపినప్పుడల్లా గొప్ప కథలవుతున్నాయని నా నమ్మకం. అన్నిటికంటే ముందు, ఆ తప్పు ఆ మనిషిదే అయి ఉండాలి. ఇది చెప్పనక్కరలేని సంగతిలా కనిపిస్తుంది గానీ, ఈ కథల చరిత్రలో ఎక్కువసార్లు జారిపోయింది ఇదే.

స్పైడర్‌మ్యాన్ పుట్టుకే తప్పుతో మొదలైంది. 1962 ఆగస్టు తేదీతో వెలువడిన ‘అమేజింగ్ ఫ్యాంటసీ’ 15వ సంచికలో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో కలిసి చెప్పిన ఆ తొలి కథ కేవలం పదకొండు పేజీలు. అందులో తరుముకొస్తున్న పోలీసు ఆపమని అరుస్తున్నా, పీటర్ చేతులు కట్టుకుని నిలబడి దొంగను లిఫ్టులోకి వెళ్ళనిస్తాడు. ఇకమీదట నా సంగతి నేను చూసుకుంటానన్నదే అతని సమాధానం. తరువాత బెన్ హంతకుడిని పట్టుకుని ముఖం చూసినప్పుడు, అది ఆ లిఫ్టు దొంగ ముఖమే. గొప్ప శక్తితో పాటు గొప్ప బాధ్యత కూడా రావాలన్న ప్రసిద్ధ వాక్యాన్ని ఆ సంచికలో బెన్ అనడు. చివరి చిత్రంలో పీటర్ ఒంటరిగా చీకట్లోకి నడిచి వెళ్తుండగా, కథ చెప్పే గొంతు అంటుంది. బెన్ చెప్పిన నీతిగా విన్నప్పుడు అది పెద్దల సలహా. మూల కథలో చదివినప్పుడు అది నేరం జరిగిపోయాక వెలువడిన తీర్పు. నాకు ఆ రెండవదే ఇష్టం. క్షమించవలసిన మనిషి చనిపోయాడు కనుక ఆ ఋణం ఎన్నటికీ తీరదు, తీరదు కనుకనే పీటర్ మర్నాడు రాత్రి కూడా బయలుదేరుతాడు.

అప్పటి పరిస్థితిని గుర్తు చేసుకుంటే ఈ కథ ఎంత సాహసమో అర్థమవుతుంది. 1954లో అమెరికన్ కామిక్స్ ప్రచురణకర్తలు తమకు తాము విధించుకున్న నియమావళి ప్రకారం, ప్రతి కథలోనూ మంచి గెలిచి తీరాలి, నేరస్థుడికి శిక్ష పడి తీరాలి, అతని మీద పాఠకుడికి సానుభూతి కలగకూడదు. అటువంటి లెక్కలో నేరస్థుడు మారడానికి చోటే లేదు. అయినా 1965లో ‘అవెంజర్స్’ 16వ సంచిక వచ్చేసరికి, కెప్టెన్ అమెరికా పక్కన నిలబడ్డ ముగ్గురూ పూర్వం చట్టానికి అవతలి పక్షాన ఉన్నవారే: హాకై, క్విక్‌సిల్వర్, స్కార్లెట్ విచ్. ఆ రోజుల్లో ఈ మార్పు చాలా తేలికగా జరిగిపోయింది. మన్నించమన్నారు, జట్టులో చేర్చుకున్నారు, కథ ముందుకు సాగింది. చిన్న తప్పులకు అది సరిపోయింది. పెద్ద తప్పులు వచ్చినప్పుడే చిక్కు మొదలైంది.

1980లో క్రిస్ క్లేర్మాంట్, జాన్ బర్న్ కలిసి చేసిన డార్క్ ఫీనిక్స్ కథలో, ఎక్స్-మెన్ అనే వీరుల జట్టులోని జీన్ గ్రే ఆకలి తీర్చుకోవడానికి ఒక నక్షత్రాన్ని మింగేస్తుంది. ఆ నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం మీద 500 కోట్ల ప్రాణులు నశించిపోతాయి. కథకులు మొదట అనుకున్న ముగింపులో ఆమె శక్తులను మాత్రం తీసేసి ప్రాణాలతో వదిలేస్తారు. అప్పటి ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ అందుకు ఒప్పుకోలేదు. ఒక ప్రపంచాన్నే చంపిన మనిషి ఇంటికి వెళ్ళిపోవడం కుదరదన్నాడు. దాంతో ‘ఎక్స్-మెన్’ 137వ సంచికలో, చంద్రుడి మీద, ఆమె తన ప్రాణాన్ని తానే తీసుకుంటుంది. ముందు అనుకున్న ముగింపు 1984లో విడిగా అచ్చయింది కనుక రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదవవచ్చు. నేను చదివాను. షూటర్ పట్టుబట్టింది న్యాయమేనని ఇప్పటికీ అనుకుంటాను. ఆ పట్టు లేకపోతే ఆ 500 కోట్లు పాఠకుడి మనసులో ఒక అంకెగా మిగిలిపోయేవి.

అయితే ఆరేళ్ళు తిరక్కుండానే ఆ న్యాయం తారుమారైంది. తొలి ఎక్స్-మెన్ ఐదుగురితో కొత్త పత్రిక ప్రారంభించాలంటే జీన్ కావాలి, హంతకురాలిని నాయికగా నిలబెట్టడం కుదరదు. అందుకని 1986లో ఒక కొత్త సంగతి కనిపెట్టారు. జీన్ ఇన్నాళ్ళూ జమైకా బే అడుగున ఒక గూడులో నిద్రలో ఉందట. ఆ పాపం చేసింది ఆమె రూపం ధరించిన ఫీనిక్స్ అనే శక్తియట. ఒక్క సంచికతో ఆమె నిర్దోషి అయిపోయింది. ఇది చదివినప్పుడు నాకు కలిగింది కోపం కాదు, దుఃఖం. ఆమె మీది నిందను తుడిచేసే తొందరలో, చంద్రుడి మీద ఆమె తీసుకున్న నిర్ణయాన్ని కూడా తుడిచేశారు. తప్పు ఆమెది కానప్పుడు ఆ త్యాగం మాత్రం ఆమెది ఎలా అవుతుంది?

హాల్ జోర్డాన్ విషయంలో ఇదే ఇంకొంచెం నెమ్మదిగా జరిగింది. ఉంగరాల శక్తితో లోకాలను కాపాడే గ్రీన్ లాంతర్లలో అందరికంటే ధైర్యవంతుడని పేరు తెచ్చుకున్న ఈ మనిషి సొంత ఊరు కోస్ట్ సిటీ 1993 నాటి కథలో 70 లక్షల మందితో సహా బూడిదైపోయింది. 1994లో రాన్ మార్జ్ రాసిన మూడు సంచికల కథలో, చనిపోయినవారిని తన ఉంగరం శక్తితో తిరిగి తెచ్చుకోవాలనుకున్న హాల్, అడ్డొచ్చిన తోటి లాంతర్లను కొట్టి ఉంగరాలు లాక్కుంటాడు, చిరకాల మిత్రుడు కిలోవాగ్‌ను చంపేస్తాడు. అభిమానులు తీవ్రంగా నిరసించారు. తొందరపడి రాసిన కథ అన్న విమర్శలో నిజముంది కూడా. అయినా దాని వెనుక ఉన్న కారణం మనుషులకు అర్థమయ్యేది. అంత దుఃఖంలో, అంత శక్తి చేతిలో ఉంటే, ఎవరైనా ఏమైపోతారు? రెండేళ్ళ తరువాత, 1996లో, చల్లారిపోతున్న సూర్యుడిని తిరిగి వెలిగించి హాల్ మరణిస్తాడు. ఆ త్యాగంతో ఋణం తీరిందా లేదా అని అతని మిత్రులే తేల్చుకోలేకపోవడం నాకెంతో నచ్చింది.

2004లో జెఫ్ జాన్స్ రాయడం మొదలుపెట్టిన ‘గ్రీన్ లాంతర్: రీబర్త్’లో ఆ తేలని ప్రశ్నను తేల్చేశారు. దారి తప్పాక హాల్ మోసిన ప్యారలాక్స్ అనే పేరు అతను పెట్టుకున్నది కాదని, భయం నుంచి పుట్టి అతని లోపలికి చొరబడిన ఒక పురాతన జీవి అని, ఆ ఘోరాల వెనుక ఉన్నది అదేనని వెల్లడించారు. కథగా అది ఎంతో నేర్పుగా అల్లినదే. దానిలోంచి పుట్టిన తరువాతి కథలు నేనూ ఇష్టంగా చదివాను. కానీ నేను ఎదురుచూసిన మనిషి ఆ కథలతో శాశ్వతంగా మాయమైపోయాడు. కిలోవాగ్ ఎదుట నిలబడి, నిన్ను చంపింది నేనే అని చెప్పవలసినవాడు, నిన్ను చంపింది నా లోపలి పురుగు అని చెప్పగలిగే స్థితికి వచ్చేశాడు. నిర్దోషి అని తేలడం, దోషం ఒప్పుకుని మారడం ఒకటి కావు. మొదటిదానికి సాక్ష్యం చాలు, రెండవదానికి ఒక జీవితం కావాలి.

పాఠకులుగా మన లెక్కలు కూడా విచిత్రంగా ఉంటాయి. నక్షత్రాన్ని మింగిన జీన్‌ను మనం క్షమించేశాం. భార్య జానెట్‌ను ఒక్క దెబ్బ కొట్టిన అవెంజర్ హ్యాంక్ పిమ్‌ను నలభై ఏళ్ళు దాటినా క్షమించలేదు. 1981లో ‘అవెంజర్స్’ 213వ సంచికలో, మతి చలించి ఏదో పిచ్చి పన్నాగం పన్నుతున్న హ్యాంక్, వద్దని అడ్డుపడిన జానెట్‌ను కొడతాడు. ఆ కథ రాసిన జిమ్ షూటర్, తాను ఉద్దేశించింది చెయ్యి విసిరినప్పుడు పొరపాటున తగలడమని, బొమ్మలో అది బలమైన దెబ్బగా మారిందని చాలా ఏళ్ళ తరువాత వివరించారు. ఆ వివరణ నిజమే కావచ్చు. అయినా అచ్చయిన బొమ్మ అచ్చయినట్టే ఉంది. అది ఆ పాత్ర నుదుటిన రాసినట్టు నిలిచిపోయింది.

పాఠకులు ఈ విషయంలో అన్యాయంగా ఉన్నారని నేననుకోను. నక్షత్రాలను మింగేవాళ్ళను మనం చూడలేదు. ఇంట్లో చెయ్యెత్తేవాళ్ళను చూశాం, కొందరు ఆ దెబ్బలు తిన్నారు కూడా. కాకపోతే హ్యాంక్ విషయంలో నాకు వేరే అసంతృప్తి ఉంది. తరువాత వచ్చిన కథలు అతని అవమానం చుట్టూ, అతని కుంగుబాటు చుట్టూ, తనను తాను నిరూపించుకోవాలన్న అతని తపన చుట్టూ ఎక్కువగా తిరిగాయి. జానెట్‌కు ఏం కావాలి, ఆమెకు రాత్రిపూట నిద్ర పడుతోందా, అతను గదిలోకి వచ్చినప్పుడు ఆమె భుజాలు బిగుసుకుంటాయా అన్న ప్రశ్నలకు దక్కిన చోటు తక్కువ. తప్పు చేసినవాడి బాధ నాటకీయంగా ఉంటుంది. తప్పుకు గురైనవారి బాధ నెమ్మదిగా, పైకి కనిపించకుండా, ఏళ్ళ తరబడి సాగుతుంది కనుక పోరాటాల మధ్య ఇమడదు. ఈ ప్రక్రియకే ఉన్న పెద్ద లోపం ఇదని నా అభిప్రాయం.

2021లో వచ్చిన ‘వాండావిజన్’ అనే సిరీస్ ఈ లోపాన్ని ఒక క్షణం స్పష్టంగా చూసి, వెంటనే కళ్ళు తిప్పుకుంది. దుఃఖం పట్టలేక ఒక ఊరు మొత్తాన్ని తన కలలో బంధించిన వాండా ఎదుటికి, చివరి భాగంలో, మంత్రం సడలిన ఒక స్త్రీ వస్తుంది. తనకు ఎనిమిదేళ్ళ కూతురుందని, ఆ పిల్లను మీ అబ్బాయిలతో ఆడుకోనివ్వవచ్చునని, కథలో ఏ పాత్ర ఇచ్చినా సరేనని, ఆ పిల్లను గదిలోంచి మాత్రం బయటికి రానివ్వమని బతిమాలుతుంది. ఆ తల్లి గొంతు విన్నాక నాకు వాండా మీద జాలి పోలేదు గానీ, ఆ జాలికి ఒక హద్దు ఏర్పడింది. అన్నీ ముగిశాక మోనికా రాంబో వాండాతో, వాళ్ళ కోసం నువ్వేం వదులుకున్నావో వాళ్ళకు ఎన్నటికీ తెలియదు అంటుంది. ఆ మాట విన్నప్పుడు నిజంగా బాధ కలిగింది. ఆ పిల్ల తల్లి అనవలసిన మాట, అనడానికి ఇష్టపడని మాట, ఆమె బదులు మోనికా ఎలా అంటుంది? తాను ఏం చేసినా వాళ్ళు తనను చూసే చూపు మారదని వాండా ఇచ్చిన జవాబే అక్కడ నిజాయితీగా ఉంది.

మరణం ద్వారా పాపం కడుక్కోవడం ఈ కథల్లో అన్నిటికంటే తరచుగా కనిపించే మార్గం. దాన్ని చూసి నేను కూడా కన్నీళ్ళు పెట్టుకున్న సందర్భాలున్నాయి. అయినా చావుతో రెండు చిక్కులున్నాయి. ఒకటి, చనిపోయినవాడు ఎవరి ముఖమూ చూడనక్కరలేదు. రెండు, కామిక్స్‌లో చావు నిలవదు, తిరిగి వచ్చినవాడు అంతా చెల్లించేసినట్టే వస్తాడు. అందుకని బతికి ఉండి చెల్లించేవాళ్ళ కథల మీదే నాకు ఎక్కువ గౌరవం.

అటువంటి కథల్లో నేను ముందు చెప్పేది కర్ట్ బ్యూసిక్, మార్క్ బాగ్లీ 1997లో ప్రారంభించిన ‘థండర్‌బోల్ట్స్’. అవెంజర్స్ చనిపోయారని లోకం శోకంలో ఉండగా ఒక కొత్త వీరుల జట్టు వస్తుంది, జనం గుండెలకు హత్తుకుంటారు. మొదటి సంచిక చివరి పేజీలో గానీ తెలియదు, వాళ్ళు వేషాలు మార్చుకున్న పాత దుర్మార్గులని. మోసం చేయడానికి మంచివాళ్ళుగా నటిస్తూ నటిస్తూ, కొందరికి ఆ మంచితనమే అలవాటైపోతుంది. పిల్లలు చేతులు ఊపుతారు, ముసలివాళ్ళు దీవిస్తారు, ఆ రుచి మరిగాక పాత బతుకులోకి వెళ్ళడం కష్టమవుతుంది. మనిషి మారడం గురించి ఇంతకంటే నమ్మదగిన వర్ణన నేను సూపర్‌హీరో కామిక్స్‌లో చదవలేదు.

ఆ జట్టులో ఒకప్పుడు బీటిల్ అనే పేరుతో తిరిగిన ఏబ్ జెంకిన్స్ ఉంటాడు. జట్టును నడపడానికి ముందుకొచ్చిన హాకై ఒక షరతు పెడతాడు. పాత రోజుల్లో ఏబ్ చేసిన హత్యకు అతను లొంగిపోయి జైలుకు వెళ్ళాలి. ఇప్పుడు మారిపోయాడు కదా, ప్రాణాలు కాపాడుతున్నాడు కదా, జైల్లో కూర్చుంటే లోకానికి ఏం లాభం? ఈ వాదనలన్నీ చదువుతున్న నాకే తోచాయి. ఏబ్ వెళ్తాడు. అతను అప్పటికే మంచివాడయ్యాడు కనుక వెళ్ళగలిగాడన్నది ఆ కథలోని లోతైన అంశం. తనూ ఒకప్పుడు నేరస్థుడై ఉండి, తేలిగ్గా క్షమింపబడి జట్టులో చేరిన హాకైయే ఈ షరతు పెట్టడం ఆ కథకులు తెలిసి చేసిన పనేనని నా నమ్మకం.

దీనికి భిన్నంగా, ఎక్స్-మెన్‌కు చిరకాల శత్రువైన మాగ్నిటో కథ న్యాయస్థానం మెట్లెక్కి కూడా తేలకుండా మిగిలిపోయింది. 1981 నాటి ‘ఎక్స్-మెన్’ 150వ సంచికలో సోవియట్ జలాంతర్గామి లెనిన్‌గ్రాడ్‌ను సిబ్బందితో సహా ముంచేసిన అతను, అదే సంచికలో పదమూడేళ్ళ కిట్టీ ప్రైడ్‌ను చంపేశాననుకుని నిలువునా కూలిపోతాడు. నాజీల మరణశిబిరం నుంచి బయటపడ్డ తాను, తన ఆశయం పేరుతో ఒక పసిదాన్ని చంపానన్న ఎరుక అతన్ని మార్చడం మొదలుపెడుతుంది. 1985లో 200వ సంచికలో పారిస్‌లో విచారణ జరుగుతుంది గానీ, మధ్యలో దాడి జరిగి తీర్పు రాకుండానే ఆగిపోతుంది. లెనిన్‌గ్రాడ్ నావికుల కుటుంబాలకు ఏ సంచికలో న్యాయం జరిగిందో వెతికితే దొరకదు.

టోనీ స్టార్క్ తాగుడు కథ వేరే రకమైనది, అక్కడ శత్రువు రోజూ ఉదయం లేవగానే ఎదురవుతాడు. 1979లో డేవిడ్ మికెలీనీ, బాబ్ లేటన్ రాసిన ‘ఐరన్ మ్యాన్’ కథలో అతను తాగిన మత్తులో నోరు పారేసుకుంటే, ఇంటిమనిషి లాంటి జార్విస్ ఉద్యోగం వదిలేసి వెళ్తాడు. 128వ సంచికలో టోనీ జార్విస్‌కు క్షమాపణ చెప్పుకుని, ముందున్న గ్లాసును ముట్టకుండా నిగ్రహించుకుంటాడు. చాలామంది ఆ కథను అక్కడితో ముగిసిందనుకుంటారు. కానీ నెలనెలా వచ్చే పత్రికకు ముగింపు ఉండదు. డెన్నీ ఓనీల్ రాసిన తరువాతి సంచికల్లో అతను మళ్ళీ తాగాడు. కంపెనీ పోయింది, కవచం మిత్రుడు జేమ్స్ రోడ్స్ చేతికి వెళ్ళింది, టోనీ వీధిన పడ్డాడు. 1984లో వచ్చిన 182వ సంచికలో, మంచు తుఫానులో, వీధిలోనే పరిచయమైన ఒక గర్భిణి బిడ్డను కని కన్నుమూస్తుంది. కవచం లేని టోనీ ఆ పసికందును ఒంటికి హత్తుకుని, తన ఒంటి వేడితో తెల్లవారేదాకా బతికించి ఉంచుతాడు. లేజర్లు లేవు, ఎగరడం లేదు. ఐరన్ మ్యాన్ చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది అదే. ధారావాహిక కథకు అంతం లేకపోవడం చాలా సందర్భాల్లో శాపమే గానీ, వ్యసనం గురించి నిజం చెప్పడానికి ఆ అంతం లేకపోవడమే సాయపడింది. మానేయడం ఒక రోజు చేసే పని కాదని చెప్పాలంటే, మరుసటి నెల సంచిక ఉండాలి.

ఇక కెప్టెన్ అమెరికా పాత మిత్రుడు బకీ బార్న్స్. ఇతని సంగతి నా వాదనకే పరీక్ష, ఎందుకంటే ఇతని తప్పు నిజంగానే ఇతనిది కాదు. శత్రువులు అతని మెదడు కడిగి, వింటర్ సోల్జర్ అనే పేరుతో మరమనిషిలా వాడుకుని, దశాబ్దాల పాటు హత్యలు చేయించారు. హాల్ జోర్డాన్‌ను నిర్దోషిని చేసినందుకు బాధపడిన నేను, బకీని ఎలా సమర్థిస్తాను? తేడా ఒక్కటే. ఆ సాకు అందుబాటులో ఉన్నా బకీ దాని చాటున దాక్కోడు. 2021 నాటి ‘ది ఫాల్కన్ అండ్ ద వింటర్ సోల్జర్’లో అతను ఒక చిన్న పుస్తకంలో పేర్లు రాసుకుని, ఒక్కొక్కరి ఋణం తీర్చుకుంటూ తిరుగుతుంటాడు. అందులో ఒక పేరు యోరీ నకాజిమా. కొడుకు ఎందుకు చచ్చిపోయాడో తెలియని ఆ ముసలాయనతో బకీ స్నేహం చేస్తాడు, కలిసి భోంచేస్తాడు, అసలు మాట మాత్రం నోటికి రాదు. అయిదవ భాగంలో, ఫాల్కన్‌గా తిరిగే సహచరుడు శామ్ విల్సన్ అతన్ని సూటిగా పట్టుకుంటాడు. నువ్వు క్షమాపణలు చెబుతున్నది నీ మనసు తేలికపడడానికి, వాళ్ళకు పనికొచ్చేది ఏమైనా చేశావా అన్నది ఆ మాటల సారం.

చివరి భాగంలో బకీ ఆ ఇంటికి వెళ్ళి, మీ అబ్బాయిని చంపింది వింటర్ సోల్జర్, అది నేనే అని చెబుతాడు. ఎందుకు అని ముసలాయన అడుగుతాడు. నాకు వేరే దారి లేదు అంటాడు బకీ. ఆ వాక్యాన్ని ఎన్ని రకాలుగా పలకవచ్చునో ఆలోచించండి. వాదనగా పలికితే అది తప్పించుకోవడం. అతను పలికిన తీరులో, అంతకంటే మంచి జవాబు ఇవ్వలేకపోతున్నందుకు సిగ్గు ఉంది. ఆ తండ్రికి కావలసింది కారణం, బకీ దగ్గర కారణం లేదు. తరువాత ఆ ఇద్దరి మధ్య ఏం జరిగిందో ఆ కథ వివరంగా చూపలేదు, పుస్తకంలోని పేర్లన్నీ కొట్టేసి ఉండడం మాత్రం చూపింది. ఆ కొట్టివేతలు నాకు కొంచెం తొందరపాటుగా తోచాయి. యోరీ పేరు మీద గీత గీసే హక్కు యోరీది కదా.

ఈ విషయం మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పడం న్యాయం. చాలా ఏళ్ళ కిందట ఒక స్నేహితురాలు నమ్మి చెప్పిన మాటను నేను నలుగురిలో అనేశాను. దానివల్ల ఆమెకు నష్టం జరిగింది. కొన్నేళ్ళకు ధైర్యం తెచ్చుకుని, పెద్ద ఉత్తరం రాసి క్షమాపణ అడిగాను. అందులో నా అప్పటి పరిస్థితులు, నా భయాలు, నా పశ్చాత్తాపం అన్నీ వివరంగా రాశాను. ఆమె రెండు వాక్యాల జవాబు పంపింది. ఉత్తరం అందిందని, అందులో తన గురించి ఎక్కడుందో వెతుక్కున్నానని. మళ్ళీ చదువుకుంటే నిజమే, ఆ ఉత్తరం మొత్తం నేనే ఉన్నాను. శామ్ బకీని అడిగిన ప్రశ్న విన్నప్పుడు నాకు ఆ రెండు వాక్యాలే గుర్తొచ్చాయి. మేం ఇప్పుడు మాట్లాడుకుంటాం, అప్పుడప్పుడూ. పాత చనువు రాలేదు, నేను అడగలేదు.

అందుకే ‘స్పైడర్‌మ్యాన్ 2’లో పీటర్ మాటలు నాకు అంత విలువైనవిగా అనిపిస్తాయి. అతను చెప్పడం మొదలుపెట్టింది ఆంట్ మే తనను తాను నిందించుకుంటున్నందువల్ల. తన బరువు దించుకోవాలనే కోరిక అతనిలో లేదని అనను. కానీ ఆ క్షణంలో అతను ఆమె భుజం మీది బరువును తీసి తన మీద వేసుకున్నాడు. ఆ నిజం ఆమెకు అవసరమైన నిజం. మూడేళ్ళ తరువాత, 2007లో వచ్చిన మూడవ చిత్రం, బెన్‌ను కాల్చింది పీటర్ వదిలేసిన దొంగ కాదని, అతని తోడుదొంగ ఫ్లింట్ మార్కో అని కథ మార్చింది. పీటర్ మార్కోను క్షమించే సన్నివేశం దానికదిగా బాగానే ఉంటుంది. అయినా ఆ మార్పు వల్ల ఆ బల్ల దగ్గర పలికిన మాటల కింద నేల కొంత జారింది. నేను రెండవ చిత్రాన్ని మళ్ళీ చూసేటప్పుడు మూడవదాన్ని మనసులోకి రానివ్వను.

రెండవ చిత్రంలోనే, కొంతసేపటికి, పీటర్ మళ్ళీ ఆమె ఇంటికి వస్తాడు. ఆమె ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు సర్దుకుంటూ ఉంటుంది. ఆ సంగతి గురించి ఇక మాట్లాడుకోనక్కరలేదని, నిజం చెప్పడానికి ధైర్యం కావాలని, అతనంటే తనకు గర్వమని, ప్రేమ అని చెబుతుంది. చెయ్యి వెనక్కి తీసుకున్న ఆ క్షణానికీ, ఈ మాటలకీ మధ్య ఆమె ఒక్కతే ఎన్ని రాత్రులు మేల్కొని ఉందో, బెన్ ఫొటో ముందు కూర్చుని ఏమనుకుందో, ఎన్నిసార్లు పీటర్‌కు ఫోన్ చేయబోయి మానుకుందో ఆ చిత్రంలో లేదు. అక్కడ పీటర్ లేడు కనుక కెమెరా కూడా లేదు. నేను చదవాలనుకునే కామిక్ ఆ కొద్ది రోజులది, ఇరవై రెండు పేజీలూ ఆంట్ మేవి.